బిడ్డ చెప్పలేదంటే తప్పెవరిది?



ఈవేళ మనం మాట్లాడుకోబోయేది సాధారణంగా మన ఇళ్లల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం. చాలా ఇళ్లల్లో అసలు మాట్లాడుకోని విషయం. పిల్లలపై జరిగే లైంగిక అత్యాచారాల గురించి ఈ ప్రసంగం. పక్కన పిల్లలున్నారు కదా అని రేడియో కట్టేయాలని మీకు అనిపించవచ్చు. దయచేసి కట్టేయకండి. పిల్లలు వినకూడని మాట ఇందులో ఒక్కటీ ఉండదు. పెద్దలు వినవలసిన మాటలు మాత్రం చాలా ఉన్నాయి.

2024 జనవరిలో మన చిక్కబళ్లాపురం జిల్లాలో జరిగిన సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రభుత్వ హాస్టల్లో చేరి 9వ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి కడుపునొప్పి అంటే ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడ ఆమెకు కాన్పు అయింది. పోలీసులు పోక్సో చట్టం కింద కేసు పెట్టారు. హాస్టల్ వార్డెనును సస్పెండు చేశారు. ఈ వార్త రాష్ట్రమంతటా పత్రికల్లో వచ్చింది. నేను ఆ ఊరి పేరు, హాస్టల్ పేరు చెప్పబోవడం లేదు. అటువంటి బిడ్డను నలుగురూ గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. ఆ నిబంధన ఎందుకు అవసరమైందో ఈ ప్రసంగంలోనే మీకు తెలుస్తుంది.

ఆ వార్త వచ్చిన రోజుల్లో బస్టాండుల్లోనూ, హోటళ్లలోనూ అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఎవరు చేశారు?" అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది పోలీసులు, కోర్టు. మనం అడుక్కోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అన్ని నెలలూ ఎవరూ ఎందుకు చూడలేదు? బిడ్డ బడికి వెళ్తుంది, అక్కడ ఉపాధ్యాయులున్నారు. హాస్టల్లో ఉంటుంది, అక్కడ సిబ్బంది ఉన్నారు. సెలవులకు ఊరికి వస్తుంది, అక్కడ బంధువులున్నారు, ఇరుగుపొరుగున్నారు. ఇంతమంది పెద్దల మధ్య ఒక బిడ్డ కడుపులో బిడ్డను మోస్తూ తిరిగింది. ఒక్క వార్డెనును సస్పెండు చేస్తే ఈ లెక్క సరిపోతుందా? "ఆ పిల్లే చెప్పలేదు కదా" అని మనం అనవచ్చు. నిజమే, పిల్లలు చెప్పరు. ఎందుకు చెప్పరో తెలుసుకుంటే తప్పు ఎవరిదో తెలుస్తుంది.

మొదటి కారణం, తప్పు చేసినవాడు చాలాసార్లు తెలిసినవాడే కావడం. కేంద్ర ప్రభుత్వంలోని మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక పెద్ద అధ్యయనాన్ని ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి దాన్ని తయారు చేశారు. అందులో 53 శాతం మంది పిల్లలు తమపై ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు జరిగిందని చెప్పారు. అంటే ఇద్దరిలో ఒకరికన్నా ఎక్కువ. అలా వేధించినవారిలో సగంమంది ఆ బిడ్డకు తెలిసినవారు, బిడ్డ నమ్మకంతో చేరదీసినవారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఈ బాధ ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఒకటిగా తేలింది. అది మనకు సరిహద్దు అవతల ఉన్న ఇల్లే. మన ఆడబిడ్డలను ఇచ్చేదీ, కోడళ్లను తెచ్చుకునేదీ హిందూపురం, కదిరి, మదనపల్లె పక్కనే కదా.

ఇంకొక విషయం. ఆ అధ్యయనంలో వేధింపులకు గురైన పిల్లల్లో సగానికి పైగా మగపిల్లలు. "మగపిల్లాడికి ఏమవుతుందిలే" అని మనం అనుకుంటాం. ఆ మాటే వాడి నోరు మూయిస్తుంది. మగపిల్లాడు ఏడిస్తే ఆడపిల్లలాగా ఏడుస్తావేమని గద్దిస్తాం. ఇక వాడు ఎవరికి చెప్పుకుంటాడు?

అంతకు పదకొండేళ్ల ముందు, 1996లో, బెంగళూరులోని సంవాద అనే స్వచ్ఛంద సంస్థ మన రాష్ట్రంలోని 11 పాఠశాలలు, కళాశాలల్లో 348 మంది విద్యార్థినులతో మాట్లాడింది. వారిలో 15 శాతం మంది చిన్నతనంలో తీవ్రమైన లైంగిక హింసకు గురైనట్టు తేలింది. అంటే ఈ సంగతి మనకు నిన్నమొన్న తెలిసింది కాదు. తెలిసి చాలా ఏళ్లయింది.

రెండో కారణం, చెప్పడానికి మాటలు లేకపోవడం. మన పిల్లలకు ముక్కు, చెవి, చేయి, కాలు అని నేర్పిస్తాం. నడుము కింది భాగాలకు మాత్రం పేరు చెప్పం, చెబితే సిగ్గు పడమంటాం. రేపు అక్కడ ఎవరైనా చేయి వేస్తే బిడ్డ ఏమని చెబుతుంది? "కడుపు నొస్తోంది" అంటుంది. "నేను ఆ ఇంటికి పోను" అంటుంది. "ట్యూషనుకు పోను, ఆ సారు మంచోడు కాదు" అంటుంది. బిడ్డ చెప్పింది. తనకు చేతనైన మాటల్లో చెప్పింది. మనం ఏమంటాం? "చదువు తప్పించుకోవడానికి వేషాలు వేస్తోంది" అంటాం. "చిన్నాయన మీద అట్లా చెప్తావా?" అని నోటిమీద కొడతాం.

మన పక్క ఇంకొక చిక్కు ఉంది. బాగేపల్లిలో, చింతామణిలో, గుడిబండలో, చేళూరు పక్క పల్లెల్లో ఎన్నో ఇళ్లల్లో బిడ్డ తెలుగులో ఏడుస్తుంది, కన్నడంలో చదువుతుంది. ఇంట్లో అమ్మతో, అవ్వతో మాట్లాడే భాష ఒకటి. టీచరుతో, డాక్టరుతో, పోలీసుతో మాట్లాడవలసిన భాష ఇంకొకటి. పెద్దవాళ్లకే ఠాణా గడప ఎక్కితే నోట మాట రాదు. భయపడిన బిడ్డ తన బాధను రెండో భాషలోకి మార్చి చెప్పగలుగుతుందా? దీనికి చట్టంలో ఒక దారి ఉంది. దాని గురించి తరువాత చెబుతాను.

మూడో కారణం అన్నిటికన్నా పెద్దది. చెబితే ఏమవుతుందో పిల్లలు చూస్తూనే ఉంటారు. ఊళ్లో ఏదైనా ఒక ఇంట్లో ఇట్లాంటిది బయటపడితే మనం ఏం మాట్లాడుకుంటామో ఒకసారి తలుచుకోండి. "ఆ పిల్ల అక్కడికి ఎందుకు పోయింది?" "తల్లి ఏం చేస్తోంది?" "ఇక ఆ పిల్లను ఎవరు చేసుకుంటారు?" ఈ మూడు ప్రశ్నల్లో తప్పు చేసినవాడి గురించి ఒక్కటీ లేదు. పరువు పోయింది అంటాం. పోవలసింది ఎవరి పరువు? పాలు పోయడానికి పోయిన బిడ్డదా, ఆ బిడ్డ మీద చేయి వేసిన పెద్దమనిషిదా? గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని చట్టం ఎందుకు అంటోందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. చట్టం ఆ బిడ్డను మన నోటి నుంచి కాపాడుతోంది.

ఆ తరువాత జరిగేది రాజీ పంచాయితీ. రచ్చబండ దగ్గర నలుగురు పెద్దలు కూర్చుంటారు. ఇంత డబ్బు ఇప్పిస్తామంటారు. కాదంటే వాడికే ఇచ్చి పెళ్లి చేయమంటారు. లేకపోతే ఆ పిల్లకు త్వరగా ఎక్కడో ఒకచోట, సరిహద్దు దాటించి పెళ్లి చేసి చేతులు దులుపుకుంటారు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన రాష్ట్రంలో బాల్యవివాహం అసలు చెల్లని పెళ్లి. 18 ఏళ్లు నిండని భార్యతో కాపురం చేయడం కూడా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తీర్పు ఇచ్చింది. అంటే పెళ్లి చేసి తప్పును కప్పిపుచ్చామని మనం అనుకుంటాం. నిజానికి ఆ తప్పు ప్రతిరోజూ జరిగేట్టు మనమే ఏర్పాటు చేశాం.

డబ్బు ఇచ్చి పుచ్చుకునే రాజీ గురించి కూడా సుప్రీంకోర్టు మాట ఉంది. రాజస్థాన్‌లో ఒక విద్యార్థినితో ఉపాధ్యాయుడు అసభ్యంగా ప్రవర్తించాడని కేసు నమోదయింది. తరువాత బిడ్డ తండ్రి ఆయనతో రాజీపడ్డాడు. ఆ రాజీని చూసి హైకోర్టు కేసు కొట్టేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది. ఇది ఇద్దరు మనుషుల మధ్య తగాదా కాదు, సమాజం మీద నేరం, తండ్రి రాజీపడినంత మాత్రాన కేసు పోదు అని చెప్పింది. రచ్చబండ పెద్దలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇంతమంది చూడకపోతే ఏమవుతుందో విన్నారు. ఒక్కరు చూస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. ఇది 1991 ఆగస్టులో జరిగింది. హైదరాబాదు నుంచి ఢిల్లీకి వెళ్లే విమానంలో పదేళ్లు దాటీ దాటని ఒక పాప ఏడుస్తూ కూర్చుంది. పక్కన అరవై ఏళ్ల అరబ్బు దేశస్థుడు. విమానం నిండా జనం. అందరికీ ఆ పాప కనబడే ఉంటుంది. విమానంలో పనిచేస్తున్న అమృతా అహ్లూవాలియా అనే ఉద్యోగిని మాత్రం దగ్గరికి వెళ్లి, ఎందుకు ఏడుస్తున్నావమ్మా అని అడిగింది. ఈ ముసలాయనకిచ్చి నాకు పెళ్లి చేశారని ఆ పాప చెప్పింది. ఆమె పై అధికారులకు చెప్పింది. ఢిల్లీలో విమానం దిగగానే పోలీసులు అతన్ని అరెస్టు చేశారు. దేశమంతా ఈ సంగతి చెప్పుకుంది. ఆ తరువాత ఆ బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా కోర్టుకెక్కింది, అంత సులువుగా తేలలేదు. అయినా ఆ రోజు ఆ విమానంలో జరిగింది మనకు ముఖ్యం. ఆమె చేసిన పనికి అధికారం అవసరం రాలేదు, చదువు అవసరం రాలేదు. ఏడుస్తున్న బిడ్డను అడిగింది, చెప్పింది నమ్మింది, నమ్మి ఊరుకోకుండా చెప్పవలసినవారికి చెప్పింది. మన జిల్లాలో అన్ని నెలల్లో లోపించినవి ఈ మూడు పనులే.

1991లో ఇలా అడగడం మంచితనం మీద ఆధారపడి ఉండేది. ఇప్పుడు అది చట్టం మన నెత్తిన పెట్టిన బాధ్యత. 2012కు ముందు పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. పెద్దవాళ్లకు వర్తించే సెక్షన్లే పిల్లలకూ. మగపిల్లల బాధకైతే సరైన సెక్షనే లేదు. 2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, పోక్సో చట్టం అమలులోకి వచ్చింది. 18 ఏళ్లలోపు ఆడపిల్లలైనా, మగపిల్లలైనా అందరికీ ఈ చట్టం వర్తిస్తుంది. 2019లో దీన్ని సవరించి శిక్షలు ఇంకా పెంచారు.

ఈ చట్టంలో సామాన్యులు తెలుసుకోవలసినవి నాలుగైదు విషయాలు చెబుతాను. పుస్తకం దగ్గర ఉంటే రాసుకోండి.

మొదటిది. బిడ్డ మీద నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకు చెప్పి తీరాలి. తల్లిదండ్రులే చెప్పాలని లేదు. టీచరు, డాక్టరు, నర్సు, అంగనవాడి కార్యకర్త, ఆశా కార్యకర్త, పక్కింటి మనిషి, ఎవరైనా సరే. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఒక సంస్థకు బాధ్యత వహించేవాళ్లు తమ కింద జరిగినదాన్ని దాచిపెడితే ఏడాది వరకు పడవచ్చు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద మాత్రం ఏ కేసూ ఉండదు. బిడ్డ చెప్పలేదని బిడ్డను శిక్షించడమూ ఉండదు. చూశారా, చెప్పవలసిన భారాన్ని చట్టం బిడ్డ మీద పెట్టలేదు, మన మీద పెట్టింది. మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలో ఒక పాఠశాల హాస్టల్ పిల్లల మీద అత్యాచారం జరిగినప్పుడు, తెలిసీ చెప్పలేదని వాళ్లను పరీక్షించే డాక్టరు మీద కేసు పెట్టారు. హైకోర్టు దాన్ని కొట్టేస్తే, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును తిరిగి నిలబెట్టింది. వెంటనే చెప్పడం చాలా ముఖ్యమని, చెప్పకపోవడం పెద్ద నేరమని అన్నది.

రెండోది. ఒంటి మీద చేయి వేయడం కూడా నేరమే. "బట్టల మీద నుంచి తాకాడు, దానికే కేసా?" అని కొందరంటారు. చర్మానికి చర్మం తగలాలన్న లెక్క లేదు, చెడు ఉద్దేశంతో తాకితే చాలు అని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మూడోది, భాష సంగతి. ఇందాక చెబుతానన్నాను కదా. బిడ్డ స్వయంగా ఫిర్యాదు చెబితే ఆ బిడ్డకు అర్థమయ్యే తేలిక మాటల్లో రాసుకోవాలి. రాస్తున్న భాష బిడ్డకు అర్థం కాకపోతే, అవసరమైతే, అనువాదం చేసే మనిషిని ఏర్పాటు చేయాలి. ఇది దయ కాదు, చట్టం ఇచ్చిన హక్కు. కాబట్టి మన పిల్లలు తెలుగులోనే చెప్పవచ్చు. కన్నడంలో రాసినదాన్ని బిడ్డకు, మీకు అర్థమయ్యేట్టు చదివి వినిపించమని అడగండి. వినకుండా సంతకం చేయకండి, వేలిముద్ర వేయకండి.

నాలుగోది, సరిహద్దు సంగతి. "జరిగింది కొడికొండ చెక్‌పోస్టు అవతల, ఆంధ్రాలో. మేము ఏం చేయగలం?" అని ఇక్కడివాళ్లు, "అది కర్ణాటక కేసు" అని అక్కడివాళ్లు తిప్పి పంపితే ఒప్పుకోకండి. నేరం ఎక్కడ జరిగినా, మీరు వెళ్లిన స్టేషనులో ఫిర్యాదు తీసుకోవాలి. దాన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. వాళ్లే దాన్ని సంబంధించిన స్టేషనుకు పంపుతారు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న కొత్త నేర విచారణ చట్టంలో ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది.

అయిదోది, బిడ్డ మర్యాద సంగతి. బిడ్డ వాంగ్మూలం తీసుకోవడానికి పోలీసులు ఇంటికే రావచ్చు. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫారం లేకుండా రావాలి. బిడ్డను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. ఆడపిల్లకు వైద్య పరీక్ష లేడీ డాక్టరే చేయాలి, అదీ తల్లిదండ్రులో బిడ్డ నమ్మే మనిషో పక్కనుండగా. ఎఫ్.ఐ.ఆర్. కాలేదని పరీక్ష ఆపకూడదు. ప్రభుత్వ ఆసుపత్రయినా, ప్రైవేటు ఆసుపత్రయినా మొదటి చికిత్స ఉచితంగా ఇవ్వాలి. ఆసుపత్రికి వెళ్లేముందు బిడ్డ బట్టలు ఉతకకండి, అవి సాక్ష్యం. పోలీసులు 24 గంటల్లోగా ఈ సంగతి జిల్లాలోని శిశు సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలపాలి. కోర్టులో నిందితుడు బిడ్డ కళ్లకు కనబడకుండా చూడాలి. బిడ్డను బెదిరిస్తూ ప్రశ్నలు వేయడానికి వీల్లేదు. మాటిమాటికీ కోర్టుకు పిలవకూడదు.

ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. కాగితం మీద ఉన్నవన్నీ జరుగుతున్నాయా అని మీరు అడిగితే, లేదనే చెప్పాలి. వీలైనంతవరకు ఏడాదిలో విచారణ ముగియాలని చట్టంలో ఉంది. దేశంలో ఎన్నో కేసులు అంతకన్నా చాలా ఎక్కువకాలం నడుస్తున్నాయి. ఈలోగా బిడ్డ తల్లిదండ్రులు కూలి పోగొట్టుకుని వాయిదాలకు తిరగాలి. అవతలివాడు పలుకుబడి గలవాడైతే నీళ్లు ఇవ్వరు, పనికి పిలవరు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు. చాలా కుటుంబాలు ఇక్కడ అలసిపోయి సాక్ష్యం మార్చి చెబుతాయి. అప్పుడు మనమే "అంతా అబద్ధపు కేసు" అంటాం. ఇందులో చట్టం చేయలేని పని ఒకటుంది. ఆ ఇంటివాళ్లతో మాట్లాడటం, పనికి పిలవడం, వాయిదా రోజున ఒకరు తోడు వెళ్లడం. ఇది ఊరు చేయవలసిన పని. ఉచిత న్యాయ సహాయానికి జిల్లా న్యాయ సేవా ప్రాధికారం ఉంది. బిడ్డకు పరిహారం ఇప్పించే అధికారం ప్రత్యేక కోర్టుకు ఉంది. ఈ సంగతులు వాళ్లకు చెప్పేవాళ్లు ఒకరుండాలి.

వయసొచ్చిన పిల్లల గురించి కూడా ఒక మాట. 15, 16 ఏళ్ల పిల్లలు ఒకరిపై ఒకరు ఇష్టపడటం కొత్త సంగతి కాదు. అయితే 18 ఏళ్లలోపు బిడ్డ ఒప్పుకున్నా ఆ ఒప్పుదలకు చట్టం ముందు విలువ లేదు. ఈ సంగతి తెలియక ఆడపిల్ల బడి మానుకుంటోంది, మగపిల్లవాడు కేసులో ఇరుక్కుంటున్నాడు. ఇద్దరి చదువూ పోతోంది. దీనికి మందు పిల్లలను గదిలో పెట్టి తాళం వేయడం కాదు. ఈ వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించి, చట్టం గురించి ఆడపిల్లలతో తల్లులు, మగపిల్లలతో తండ్రులు సిగ్గుపడకుండా మాట్లాడటమే.

సరే, రేపు పొద్దున్నే మనం చేయగలిగినవి ఏమిటి?

ఇంట్లో పిల్లలకు ఒళ్లు తుడిచేటప్పుడో, తల దువ్వేటప్పుడో ఈ మాట చెప్పండి. "లోబట్టలు వేసుకునే చోట ఎవరూ తాకకూడదు. స్నానం చేయించేటప్పుడు అమ్మ, జబ్బు చేస్తే అమ్మ పక్కనుండగా డాక్టరు, అంతే. ఇంకెవరైనా తాకితే వద్దని అరువు, పరుగెత్తిరా, నాకు చెప్పు. ఎవరికీ చెప్పొద్దని ఎవరైనా అంటే ఆ సంగతి ముందు నాకే చెప్పాలి. నేను నిన్ను కొట్టను." చివరి మాట మరిచిపోకండి. కొడతారన్న భయమే ఎక్కువమంది పిల్లల నోరు మూస్తుంది.

పొద్దున్నే పనికి బెంగళూరు బస్సెక్కే తల్లిదండ్రులు, మల్బరీ తోటల్లోకి, పట్టుగూళ్ల పనిలోకి వెళ్లే తల్లులు పిల్లలను ఎవరి దగ్గరో వదిలి వెళ్లక తప్పదు. అది వాళ్ల తప్పు కాదు. సాయంత్రం వచ్చాక "అన్నం తిన్నావా, హోంవర్కు చేశావా" అని అడుగుతాం కదా, దాంతోపాటు "ఈ రోజు ఎవరితో ఆడుకున్నావు? ఎవరైనా నీకు నచ్చని పని చేశారా?" అని కూడా అడగండి. రోజూ అడిగే ఇంట్లో బిడ్డకు చెప్పడం అలవాటవుతుంది.

కొన్ని గుర్తులు చూసుకోండి. ఇన్నాళ్లూ కలివిడిగా ఉన్న బిడ్డ ఉన్నట్టుండి ముడుచుకుపోవడం, పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒక మనిషి పేరు చెబితే, ఒక ఇంటికి పొమ్మంటే భయపడటం, చదువులో హఠాత్తుగా వెనకబడటం, నడవడానికి, కూర్చోవడానికి కష్టపడటం, చేతిలో మనం ఇవ్వని డబ్బులో, చాక్లెట్లో ఉండటం. వీటిలో ఏదో ఒకటి ఉన్నంతమాత్రాన ఘోరం జరిగిందని కాదు. అడగవలసిన అవసరం ఉందని అర్థం.

బిడ్డ చెప్పినప్పుడు మొదటి అయిదు నిమిషాలు చాలా ముఖ్యం. మీ గుండె ఎంత కొట్టుకున్నా మొహంలో కనబడనీయకండి. "నువ్వు చెప్పి మంచి పని చేశావు. నేను నమ్ముతున్నాను. ఇందులో నీ తప్పు లేదు" అని ఈ మూడు మాటలు చెప్పండి. గుచ్చిగుచ్చి అడగకండి. నలుగురిలో మళ్లీ మళ్లీ చెప్పించకండి. ఆ మనిషిని పిలిచి బిడ్డ ఎదుట నిలబెట్టకండి. తరువాత 1098కి ఫోన్ చేయండి. పిల్లల సహాయవాణి అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. 1996లో ముంబైలో మొదలై దేశమంతా వ్యాపించింది. 2023 నుంచి దీన్ని ప్రభుత్వమే నడుపుతోంది, అత్యవసర సేవల నంబరు 112తో కూడా కలిపారు. పిల్లలు కూడా ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది. పిల్లలకు ఈ నంబరు నోటికి నేర్పించండి.

ఇక హాస్టళ్ల సంగతి. బిడ్డను హాస్టల్లో చేర్చడం అంటే చదువుకోనివ్వాలన్న ఆశ. ఆ ఆశను వదులుకోవద్దు. హాస్టల్లో చేర్చాక మాత్రం నెలకొకసారైనా వెళ్లండి. బిడ్డను ఒంటరిగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి. బిడ్డ హాస్టల్లో లేని రోజులు ఎక్కడుంది అన్న లెక్క హాస్టల్ దగ్గరా ఉండాలి, మీ దగ్గరా ఉండాలి. హాస్టల్ "ఇంటికి పోయింది" అనుకుంటే, ఇల్లు "హాస్టల్లో ఉంది" అనుకుంటే, ఆ మధ్యలో బిడ్డ ఎవరి కంటా పడదు. వైద్య పరీక్షలు సక్రమంగా జరుగుతున్నాయా, ఆడపిల్లలతో మాట్లాడటానికి మహిళా సిబ్బంది ఉన్నారా అని అడగడానికి జంకకండి. మన గ్రామ పంచాయతీల్లో ఏడాదికొకసారి పిల్లల గ్రామసభ పెడతారు, కన్నడంలో మక్కళ గ్రామసభ అంటారు. అక్కడ పిల్లలు ఫొటోలకు నిలబడి వెళ్లిపోకుండా, బడి దారిలో ఎక్కడ భయం వేస్తుంది, ఏ దీపం వెలగదు, ఏ మరుగుదొడ్డికి తలుపు లేదు అని చెప్పగలిగేట్టు చూడండి. చెప్పినదాన్ని రాయించండి. రాసినదాని మీద ఏం చేశారో తరువాతి సభలో అడగండి.

శ్రోతలారా, ప్రసంగం మొదట్లో చెప్పిన ఆ బిడ్డను మళ్లీ ఒకసారి తలుచుకుందాం. ఆమె పేరు మనకు వద్దు, ఊరు వద్దు. అన్ని నెలల్లో ఏదో ఒక రోజు ఎవరైనా ఒకరు దగ్గర కూర్చోబెట్టుకుని "ఏమ్మా, అట్లా ఉన్నావేమి?" అని అడిగి ఉంటే ఆ బిడ్డకు సహాయం అంత ఆలస్యంగా వచ్చేది కాదు. అట్లాంటి బిడ్డ ఈ రోజు కూడా ఎక్కడో ఒక వీధిలో ఉంది. అది మీ వీధే కావచ్చు. చూసినవాళ్లు అడగండి. చెబితే నమ్మండి. నమ్మినది 1098కో, పోలీసులకో చెప్పండి.